నాలుగు అన్నం మెతుకులు

ప్రేమవిందులో మజ్జిగ రాకముందే క్రీస్తురాజు విస్తరి ముందు నుంచి లేచాడు. కుడిచేతి గుప్పిట్లో నాలుగు అన్నం మెతుకులు దాచుకున్నాడు. గోడకు కన్నం వెయ్యాలంటే గునపం కావాలి గానీ, అతను చెయ్యబోయే దొంగతనానికి ఆ నాలుగూ చాలు.

సంగతేమంటే, ఇందుకూరుపేట చర్చిలో ఫిడేళ్ళు రెండు. మొదటిది సమాధానం అనే ఆయనది, రెండోది క్రీస్తురాజుది. పదేళ్ళుగా ఆ వరస మారలేదు. సమాధానం కమాను ఎత్తితే చాలు, జనం ఆహా అనేవాళ్ళు. వాయించిన తరవాత కాదు, ఎత్తినప్పుడే. క్రీస్తురాజు చెమటలు కారేట్టు వాయించినా "వాడూ వాయిస్తాడులే" అనేవాళ్ళు.

1962లో సముద్రాల అవతల ఏదో పట్నంలో ప్రపంచదేశాల ఫిడేలు పోటీ పెట్టారని మిషను దొరగారికి ఉత్తరం వచ్చింది. ఏడు దేశాల నుంచి ఏడుగురు జడ్జీలట. చెవి పక్కన దోమ ఎగిరినా అది ఏ శ్రుతిలో ఎగిరిందో చెప్పగల ఘనులట. వాళ్ళు పంపిన పాటను వాయించి, టేపు మీద పట్టి పంపాలి. నచ్చినవాడికి ఓడ టిక్కెట్టు. దొరగారు సెలవు మీద తన దేశం పోతూ, బ్యాటరీలతో నడిచే టేపు రికార్డరునూ టేపు చుట్టిన రెండు స్పూళ్ళనూ పాస్టరు హెబ్రోను అయ్యగారి చేతిలో పెట్టిపోయాడు.

ముందు వంతు సమాధానానిది. మద్రాసు పోయి కొత్త తీగలు తెచ్చుకున్నాడు. రెండు ట్రంకుపెట్టెలు బండికెత్తించి, రికార్డరు ఒళ్ళో పెట్టుకుని, మైపాడు ఒడ్డుకు ఒక్కడే పోయాడు. ఇంట్లో వాయిస్తే ఏమని అయ్యగారు అడిగితే, అలల హోరు వింటేగానీ తనకు చెయ్యి ఆడదన్నాడు. గొప్పవాళ్ళ అలవాట్లు గొప్పగానే ఉంటాయని అయ్యగారు మురిసిపోయారు. ఒక్క ఫిడేలుకు రెండు పెట్టెలెందుకని బండివాడు సైతం అడగలేదు.

క్రీస్తురాజుకు సముద్రం లేదు, ఇంటి వసారా ఉంది. అక్కడే బల్ల మీద కూర్చుని మొదలుపెట్టాడు. పాట సగంలో ఉండగా చేపలమ్మే అంకాలమ్మ వీధిలోకి దిగింది. ఆమె "వంజరాలో... వంజరాలు" అని కేకేస్తే పెన్న అవతల అన్నం తినేవాళ్ళు ముద్ద వదిలేసి గిన్నెలు తెచ్చుకునేవాళ్ళు. క్రీస్తురాజు చెయ్యి బెదిరింది. కమాను అతని మాట వినకుండా ఆ కేక వెంట పైకి పోయి, అక్కడ రెండు గీతలు గీసి, మళ్ళీ పాటలోకి దిగింది. పాట ముగిసేసరికి బ్యాటరీలు చచ్చిపోయాయి. ఇంకోసారి వాయించడానికి లేదు, వాయించింది వినడానికీ లేదు.

"నా కొంప ముంచినావు గదక్కా, టేపులో నీ కేక పడింది" అని మొత్తుకున్నాడు.

"అది ఫిడేలని నాకేం తెలుసబ్బయా. మీ తలుపు కిర్రుమంటా ఉంది, కాస్త ఆముదం పొయ్యరాదా అనుకున్యా" అని బుట్ట ఎత్తుకుని పోయింది అంకాలమ్మ.

ఇక ప్రేమవిందు జరిగిన ఆ ఆదివారం సంగతి. స్పూళ్ళ డబ్బాలు రెండూ అయ్యగారి గదిలో బల్ల మీదున్నాయి. తెల్లారితే టపాకు పోతాయి. వాటిమీద పేర్లు రాసిన కాగితాలు అంటించింది అయ్యగారే, జిగురు కొనడం దండగని అన్నం మెతుకులతో. క్రీస్తురాజు తడి వేలితో రెండు కాగితాలూ ఊడదీసి, దీనిది దానికీ దానిది దీనికీ పెట్టి, గుప్పిట్లో మెతుకులతో నొక్కాడు. పదేళ్ళు రెండో ఫిడేలు వాయించినందుకు దేవుడు ఈమాత్రం చూసీచూడనట్టు పోతాడులే అని సర్దిచెప్పుకుని, మజ్జిగ వేళకు పంక్తిలో కూర్చున్నాడు.

"ఏందబ్బయా, మధ్యలో లేచి యాడికి పోయినావు?" అన్నారు అయ్యగారు.

"చేతికి మెతుకులంటుకుంటే కడుక్కొచ్చినానయ్యగారూ."

నాలుగు నెలలకు రెండు కవర్లొచ్చాయి. ఈలోగా క్రీస్తురాజు నెల్లూరులో కోటు కుట్టించుకున్నాడు. ఓడలో వాంతులు కాకుండా నిమ్మకాయ ఊరగాయ కూడా పెట్టించాడు.

ఆరాధన అయ్యాక అయ్యగారు అందరి ముందూ కవరు చించారు. ఇంగ్లీషు చూసి తెలుగులో చెప్పడం మొదలుపెట్టారు.

"క్రీస్తురాజు పేరుతో వచ్చిన టేపులో ఉన్నది గ్రామఫోను ప్లేటు పాట. సముద్రపు హోరులో దాచాలని చూశారు గానీ, ప్లేటు తిరిగినప్పుడల్లా దానిమీద పడ్డ గీత టిక్కుమంటున్నది. పైగా ఆ ప్లేటులో వాయించినది మా ఏడుగురిలో పెద్దాయన. తన కమానును తానే గుర్తుపట్టాడు. ఈ మనిషిని ఇకమీదట ఏ పోటీకీ రానివ్వం."

చర్చి అంతా క్రీస్తురాజు వైపు తిరిగింది. క్రీస్తురాజు సమాధానం వైపు తిరిగాడు. సమాధానం దూలాలు లెక్కపెడుతున్నాడు. రెండో పెట్టెలో ఏముందో క్రీస్తురాజుకు అప్పుడు తెలిసింది. దాని గుట్టు చెబుదామని నోరు తెరిచాడు. చెబితే మెతుకుల గుట్టూ చెప్పాలి. మూసుకున్నాడు. ఆ వంజరాల టేపుతో సమాధానం మాత్రం ఏ ఓడెక్కుతాడులే అని కాస్త ఊరట పడ్డాడు.

అయ్యగారు కళ్ళజోడు తుడుచుకుని రెండోది చదివారు.

"సమాధానం గారికి ఓడ టిక్కెట్టు పంపుతున్నాం. వాయించడంలో చిన్న తప్పులున్నాయి, అయినా పాట మధ్యలో వీధిలోంచి ఎవరో ఆడమనిషి కేకేస్తే, ఆ గొంతు పట్టుకుని పైకి పోయి మళ్ళీ పాటలోకి దిగిన ఆ రెండు గీతలకే, మా ఏడుగురం ఒక్కమాట మీద మొదటి స్థానం ఇచ్చాం."