అరచెంబు నీళ్లు

బాత్రూములో జారిపడినవాళ్ల పేర్లన్నీ హనుమంతమ్మకు నోటికొచ్చు. తుంటి విరిగినవాళ్లు వేరు, తల పగిలినవాళ్లు వేరు.

"మన ప్రశాంతి పడితే? బ్యాంకుకు పొద్దుపోతాండాదని గబగబా స్నానం చేసే పిల్ల!" అంది మొగుడితో.

"ఇరవై ఆరేండ్లుగా పడని పిల్ల ఇప్పుడు పడుతుందా?" అన్నాడు తిమ్మప్ప, పేపర్లోంచి తల ఎత్తకుండానే.

"పడినాక ఏడ్చేదానికంటే ముందే ఏడ్చేది మేలు."

బాత్రూము మార్చాల్సిందేనని పట్టుబట్టింది. తెలిసిన శ్రీరంగప్ప ఆదివారానికి ముగ్గురు టైల్స్ కాంట్రాక్టర్లను పంపాడు. "ముగ్గురూ మనోళ్లే, చూసుకో చెల్లెమ్మా" అన్నాడు.

"రేట్లు రాసుకోవే" అన్నాడు తిమ్మప్ప.

"రేటుదేముంది? మనిషిని చూడాల. ఒకసారి అతికించినాక పీకేదానికి కాదు."

ట్యాంకరు వచ్చి నాలుగు దినాలైంది. అయినా నేల వాటం చూసుకోవడానికి ఒక్కొక్కరికీ ఒక బకెట్టు నీళ్లు తీసిపెట్టింది.

మొదట రాప్తాడు గిరి వచ్చాడు. సెల్లులో మెరిసే బాత్రూములు చూపించాడు. బకెట్టు నీళ్లూ ఒక్కసారిగా గుమ్మరించాడు. హనుమంతమ్మ ప్రాణం ఆ నీళ్లతోనే తూములోకి పోయింది.

"అన్నదమ్ములెందరు నాయనా?"

"నలుగురమక్కా."

అతను పోయాక తిమ్మప్ప నవ్వాడు. "బాత్రూముకు అన్నదమ్ములెందుకే?"

"వాళ్ల పంచాయితీలో మన పని నిలిచిపోతే?"

తర్వాత చిలమత్తూరు తిప్పేష్. కొలతలు బాగానే తీశాడు. మధ్యలో పనోడు ఫోను చేస్తే, ఆడవాళ్లున్నారని కూడా చూడకుండా వాడి అమ్మానాయనలను తిట్టిపోశాడు.

"తాగుతావా?" అని అడిగింది హనుమంతమ్మ.

"ఎప్పుడన్నా, పని ఎక్కువైతే."

"మా ఇంట్లో పని ఎక్కువే" అని గొణుక్కుంది.

చివరికి గుమ్మఘట్ట వీరేష్. చెప్పులు వాకిట్లో విడిచి వచ్చాడు.

"బకెట్టెందుకమ్మా? అరచెంబు చాలు."

పోసి, గొంతుకూర్చుని, నీళ్లు ఎక్కడ ఆగుతాయో చూశాడు. "ఈడ గుంత ఉండాది. ఇది సరిచేసి, గరుకు టైల్స్ వేస్తే చాలు. అన్నీ పగలగొట్టే పని లేదు."

ముందు వచ్చిన ఇద్దరికీ మజ్జిగ ఇచ్చి లోపలికి పోయిన ప్రశాంతి, ఈసారి గడపలోనే నిలబడింది.

"మీరు చేసింది చెడిపోతే?"

"పిలవండి. నేను చేసింది నేనే సరిచేస్తా."

"పిలిస్తే ఫోనెత్తుతారా? దుడ్లు ముట్టినాక ఎవరూ ఎత్తరు కదా."

"మా అమ్మను అడగండి, ఎత్తుతానో లేదో" అని నవ్వాడు వీరేష్.

అతను పోయాక హనుమంతమ్మ కూతుర్ని పక్కకు పిలిచింది. "దినామూ అగచాట్లు పడేది నువ్వు. తర్వాత నన్నంటే నేను పడను. చెప్పు, ఎవరు?"

"మూడో ఆయనే" అంది ప్రశాంతి, ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ.

"రేటు కూడా ఆయనదే తక్కువ" అని తిమ్మప్ప సంబరపడ్డాడు.

హనుమంతమ్మ దేవుని పటానికి దండం పెట్టుకుని ఫోను తీసింది.

"శ్రీరంగప్పన్నా, ఆ గుమ్మఘట్ట పిల్లోని జాతకం పంపియ్యి, బాత్రూముదేముంది, పెళ్లయినాక మా అల్లుడే చేసుకుంటాడు."