వాచకంగారి సినిమాలు

"సినిమాల్లో కింద పడే అక్షరాలు చదివి వినిపించే మనిషి కావాలన్నారట. మందుల షాపాయన చెప్పాడండీ," అన్నాడు గుమ్మంలో నిలబడ్డాయన.

యాభై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, అరిగిపోయిన చెప్పులు. గొంతు మాత్రం కంచుగంట.

"ఈయన్నే పెట్టుకోవే," అంది లోపల్నుంచి తల్లి, తలుపు తీసిన కూతురితో.

మనిషిని చూసి చెప్పిన మాట కాదు. చూపు పోయిన మనిషి ఆవిడ.

పని చేసినన్నాళ్ళూ ఆవిడ పరాయి దేశాల సినిమాలు ఆడే ఒక చిన్న హాల్లో టికెట్లు అమ్మింది. కిటికీ మూసి, లెక్క అప్పజెప్పి లోపలికి వెళ్ళేసరికి సగం బొమ్మ అయిపోయేది.

"జన్మంతా ముగింపులే చూశాను. తీరిగ్గా ఇంట్లో కూర్చుని మొదటినుంచీ చూద్దామనుకునేసరికి కళ్ళు కాస్తా పోయాయి," అనేది నవ్వుతూనే.

కూతురు పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పని చేస్తుంది. పొద్దున పోతే మళ్ళీ సాయంత్రమే. అందుకే ఈ ఏర్పాటు. ఆమె సినిమా సిద్ధంగా పెట్టి వెళ్ళేది. మధ్యాహ్నం ఆయన వచ్చి బటను నొక్కడమే.

ఆదివారం ముగ్గురూ టీవీ ముందు చేరి వారానికి సరిపడా సినిమాలు ఏరుకునేవాళ్ళు. కూతురు సినిమా పేరూ, కథ రెండు ముక్కలూ చదివేది.

"జాలర్ల కథట. నలుపూ తెలుపూ."

"సముద్రం హోరు ఉంటుంది. పెట్టండమ్మా," అనేవాడాయన.

"ఇదంతా కోర్టులో నడుస్తుందట."

"వద్దు అక్కయ్యగారూ. అందరూ ఒక్కసారే అరుస్తారు."

"దీనికి పెద్ద బహుమతి వచ్చిందండీ."

"వస్తే వచ్చింది. వాన ఉందా అందులో?"

కూతురికి నవ్వాగేది కాదు. వానని బట్టి సినిమా ఎంచే మనిషిని ఆమె ఎక్కడా చూడలేదు.

తల్లి ఆయనకి వాచకంగారని పేరు పెట్టింది. ఆయన వచ్చే వేళకి తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని కూర్చునేది. మంచానికి అతుక్కుపోయిన మనిషి, నాలుగు ముద్దలు ఎక్కువ తినడం మొదలుపెట్టింది.

ఒకరోజు కూతురికి తలనొప్పి వచ్చి మధ్యాహ్నమే ఇంటికొచ్చేసింది. సినిమా చివరికొచ్చింది. వాళ్ళకి అడ్డం రావడం ఎందుకని తలుపు దగ్గరే ఆగింది.

"తలుపు తీశారు అక్కయ్యగారూ," అంటున్నాడు వాచకంగారు. "కొడుకు వచ్చాడు. ఒక్కడే కాదు, కోడల్నీ పిల్లల్నీ తీసుకొచ్చాడు. కుర్చీలు లాక్కుని కూర్చుంటున్నారు. ముసలావిడకి నోట మాట రావడం లేదు."

తల్లి మొహం వెలిగిపోతోంది.

కూతురు టీవీ వైపు చూసింది. తెర మీద కొడుకూ లేడు, కోడలూ లేదు. కూలీలు ఇంట్లో కుర్చీలు ఒక్కొక్కటీ మోసుకుపోతున్నారు. ముసలావిడ గోడకి ఆనుకుని నిలబడింది. కింద అక్షరాలు పడ్డాయి. 'అది కూడా తీసుకెళ్ళండి.'

ఆయన లేచి వరండాలోకి వచ్చేదాకా ఊరుకుంది.

"ఉన్నది ఉన్నట్టు చదవమని పెట్టుకున్నాం మిమ్మల్ని. కళ్ళు లేని మనిషికి ఏం చెప్పినా చెల్లుతుందనుకున్నారా?"

ఆయన కాలితో చెప్పులు వెతుక్కున్నాడు.

"రేపట్నుంచి రావద్దు."

తల వంచుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. సిగ్గుపడ్డాడనుకుంది కూతురు.

లోపలికి వెళ్ళి తల్లికి అంతా చెప్పింది.

"ఆ కుర్చీలు తీసుకుపోతారని నాకు తెలీదటే? హాల్లో ఎన్నిసార్లు చూశానో," అంది తల్లి.

"తెలిసీ ఊరుకున్నావా?"

"ఆయన చెప్పిన సినిమాలో కొడుకు వచ్చాడు కదే."

తర్వాత కూతురే చదివింది. పనినుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివింది. రెండో సినిమా సగంలో ఉండగా తల్లి చెయ్యెత్తింది.

"తప్పుల్లేకుండా చదువుతున్నావమ్మా. ఇక కట్టెయ్యి."

ఆ తర్వాత ఆవిడ సినిమా ఊసెత్తలేదు. మళ్ళీ మంచం ఎక్కింది. కంచం పెడితే నాలుగు మెతుకులు కెలికి పక్కకి జరిపేది. "వాచకంగారిని ఓసారి పిలుచుకురావే," అని మాత్రం ఒక్కసారి అంది.

వద్దని పంపిన నోటితో రమ్మనడానికి కూతురికి నోరు రాలేదు. రేపు, ఎల్లుండి అంటూ నెల దాటించింది. చివరికి తల్లి లేచి కూర్చోవడం కూడా మానేశాక, మందుల షాపాయన్ని అడిగి బయల్దేరింది.

సైకిళ్ళు బాగుచేసే కొట్టు వెనక ఒంటి గది. లోపల నడివయసు ఆవిడ ఒకరు నేల మీద కూర్చుని మగవాళ్ళ చొక్కాలు మడతలు పెడుతోంది.

"అన్నయ్య కోసమా? పోయాడమ్మా," అంది ఆవిడ, తలెత్తకుండానే.

కూతురు గుమ్మం పట్టుకుంది.

"ఆ మధ్య ఎక్కడో పని కుదిరిందని ఎంత మురిసిపోయాడో. ఏం పనంటే చెప్పలేదు. అదీ ఊడింది. మళ్ళీ పని కోసం వీధి వీధీ తిరిగాడు. పైపులకని రోడ్డు తవ్విపెట్టారు కదా, ఆ గోతిలో పడ్డాడు."

"చీకట్లోనా అండీ?"

"పట్టపగలు."

ఆవిడ ఇంకో చొక్కా అందుకుంది.

"మా ఇంట్లోనేనండీ ఆయన చేసింది. మా అమ్మకి సినిమాల్లో అక్షరాలు చదివి వినిపించేవారు," అంది కూతురు.

చొక్కా మడత పెడుతున్న చేతులు ఆగిపోయాయి.

"చదివేవాడా?" అంది ఆవిడ. "మనిషి ఆకారమైతే ఆనేది గానీ, వాడి కంటికి అక్షరం ఆనక ఏళ్ళయిందమ్మా."