నేల మీద ఊరు

పుస్తకం ముందేసుకుని కూర్చోమన్న మోతి గుడిసెలో లేదు.

కమ్లి నెత్తి కొట్టుకుంది. బిడ్డకు ఈ ఏడు ఏడో తరగతి పరీక్ష. పాసైతేనే ఇల్లందు హాస్టల్లో చేర్చుకుంటారు. చరిత్ర, పౌరశాస్త్రం చెప్పి తీరాలని, పరీక్ష పెట్టి తీరాలని సర్కారు రూలు. చెప్పే సోషల్ సారు మాత్రం బడి తెరిచిన నాటి నుంచీ లేడు.

కమ్లి కూడా ఒకప్పుడు ఆ ఒక్క సబ్జెక్టులోనే తప్పింది. ఆ ఎండాకాలమే పెళ్లి చేసేశారు.

"మోతీ! ఏడ సచ్చినవే?"

బోరింగు దగ్గరికి వచ్చేసరికి ఆమె టక్కున ఆగిపోయింది.

ఎవరో కొత్త మనిషి. ఖాకీ ప్యాంటు, బూట్లు, భుజాన సంచి. గొంతుక్కూర్చుని కర్రతో నేల మీద గీతలు గీస్తున్నాడు. తండా పిల్లలంతా చుట్టూ మూగారు. అందరికంటే ముందు మోతి.

"గిది బోరింగు. గిది మీ నాయక్ ఇల్లు. మరి మీ చేను ఏ దిక్కుకున్నది బిడ్డా?"

"వాగు అవతల. అడవి కొట్టి మా బాపు చేసిండు. గీడ పెట్టు సారూ, గీడ!"

కమ్లి చూపు ఆ ఖాకీ ప్యాంటు మీదే నిలిచిపోయింది.

నిరుడు ఇట్లాగే అటవీశాఖ ఖాకీ వేసుకుని జంగ్లాత్ గార్డు ఒకడు వచ్చాడు. పిల్లలకు పిప్పరమెంట్లు పంచి, ఎవరి పోడు ఎక్కడుందో కూపీ లాగాడు. వారం తిరక్కుండా పచ్చని జొన్నచేను పెరికించారు. పెనిమిటి దేవ్లాను జీపెక్కించి తీసుకుపోయి, నెల దాటాక గానీ వదల్లేదు.

"ఊరంత కలిసి ఒక మాట అనుకోవాల్నంటే ఎట్ల?" ఖాకీ మనిషి అడుగుతున్నాడు.

"నాయక్ అడుగుతడు. అందరు చెప్తరు."

"ఎవ్వరు ఏం చెప్పకుంటే?"

"వద్దన్నట్టు!" పిల్లలు ఒక్క గొంతుతో అరిచారు.

ఆయన గట్టిగా నవ్వాడు. కమ్లి ఉరికివచ్చి మోతి రెక్క పట్టి లాగింది. నేల మీది ఊరును కాలితో చెరిపేసింది.

"దాని మాట పట్టుకోకు సారూ. పిచ్చిది. మాకు చేనూ లేదు, చెల్కా లేదు."

"మరి మీ పొయ్యి మీద జొన్నరొట్టె వాసనొస్తుందేందమ్మా?"

"అంగట్ల కొన్నం!"

"మంచిగనే కొన్నరు." ఆయన మట్టి దులుపుకుని లేచాడు. "నేను ఈడనే ఉండాల్నని వచ్చిన. గవర్నమెంటు ఆర్డరు. ఒక్క అర్ర కిరాయికి దొరుకుతదా?"

కమ్లి బిడ్డను వెనక్కి లాక్కుంది. ఇన్నాళ్లూ గార్డు వచ్చి పోయేవాడు. ఇక తండాలోనే కాపురం పెడతాడా?

"ఈడ ఎలుగ్గొడ్లు తిరుగుతయ్ సారూ!"

"తిరుగనీ. నేను గుడ తిరిగెటోన్నే."

ఈలోగా ఎవరో పరుగున చెప్పినట్టున్నారు, తండా పెద్ద, నాయక్ హాతీరాం వచ్చాడు. చంకలో కోడిపెట్ట. జంగ్లాతోళ్లు వస్తే కోడినిచ్చి పంపడం ఆ తండాలో మామూలే.

"పట్టుకపో సారూ. మళ్ల రాకు."

"నాకెందుకు నాయక్ కోడి?"

"సరిపోదంటే ఇంకోటి తెస్త. మమ్ముల మాత్రం ఇడిసిపెట్టు."

ఆయనకేమీ అర్థం కాలేదు. కోడిని చూశాడు. గుమిగూడిన ఆడవాళ్లను చూశాడు.

"నేనుండుడు మీల ఎవరికన్న ఇష్టమేనా?"

ఎవరూ నోరు విప్పలేదు. కమ్లి బిడ్డ నోటికి చేయి అడ్డం పెట్టింది.

ఆయన ఇందాక 'వద్దన్నట్టు' అన్న పిల్లల వంక చూశాడు. మెల్లగా తలూపి, చేతిలో పెట్టిన కోడితోనే బాట పట్టాడు.

పొద్దుగూకేవేళ దేవ్లా చేను నుంచి వస్తూ అదే కోడిని పట్టుకొచ్చాడు.

"బాట పక్కన ఇప్పచెట్టుకు కట్టేసి ఉన్నదే. ముందల మోదుగాకు దొప్పల నీళ్లు గుడ పెట్టిండ్రు."

"జంగ్లాతోడు కోడిని ఇడిసిపోయిండా!" అంది కమ్లి.

"బక్కగున్నదని ఇడిసి ఉంటడు," అన్నాడు హాతీరాం.

తండా అంతా పడీపడీ నవ్వింది. మోతి మాత్రం నవ్వలేదు.

"యాడీ, ఊరు గీసుడు సగంల ఆగింది," అంది తల్లితో.

పరీక్షలు దగ్గర పడేకొద్దీ కమ్లికి నిద్ర పట్టకుండా పోయింది. ఒకనాడు ఉండబట్టలేక, చుట్టుపక్కల తండాలన్నిటికీ ఉన్న ఆ ఒక్క బడికి నడిచిపోయింది. పెద్దసారు వెంకటప్పయ్య బెంచీ మేకు కొట్టుకుంటున్నాడు.

"సారూ, సోషల్ సారు ఎప్పుడొస్తడు? నా బిడ్డ నా తీరుగనే అయితదేమో."

"ఇగ రాడమ్మా. వచ్చి పోయిండు."

"వచ్చిండా?"

"అవ్. ఈ అడవికి ఎవ్వరు రామంటే, తానే అడిగి ఏయించుకున్నడు. ముందుగాల పిల్లల ఊరు చూస్త, ఆడనే ఉంటనని ఆదివారం పూట పోయిండు. ఉండనియ్యలేదట. ఊరు వద్దన్నంక ఆ ఊరి పిల్లలకు పౌరశాస్త్రం ఏ మొఖం పెట్టుకొని చెప్పాలన్నడు. వాజేడు దిక్కు బదిలీ చేయించుకున్నడు."

కమ్లి కడుపు మండిపోయింది.

"ఏ ఊరోళ్లు సారూ? ఏ తల్లి కన్న బిడ్డలు? వాళ్ల నోట్ల మన్నుబడ!"

"ఎంత అడిగినా ఊరి పేరు చెప్పలేదమ్మా," అన్నాడు వెంకటప్పయ్య మేకు వంక చూస్తూ, "పాపం, కోడినిచ్చి మరీ సాగనంపిండ్రని మాత్రం నవ్విండు."