ఆ అయిదు సినిమాలు

"అయిదూ ఆడని సినిమాలే కదా తాతా! నా ఉద్యోగం ఊడగొట్టాలనా?"

యుక్ఫాన్ చీటీని బల్లమీద పడేసి గడియారం చూసుకుంది. పన్నెండు కావస్తోంది. ఒంటిగంటకి రేడియోలో, ఊరంతా హంగ్ అన్నయ్య అని పిలుచుకునే సినిమా నటుడి సంస్మరణ కార్యక్రమం. ఆయన సినిమాలు అయిదు ఏరి, తలా ఒక ముక్క వినిపించాలి. ఆమె సొంతంగా చేస్తున్న మొదటి కార్యక్రమం అది. తేడా వచ్చిందంటే మళ్ళీ వాతావరణ వార్తలు చదువుకోవడమే.

ఎదురుగా కూర్చున్న ఔయెంగ్ తాత ఏమీ అనలేదు. అనలేడు కూడా. మూడేళ్ళ కిందట గొంతుకి ఆపరేషనై మాట పోయింది. మెడకి రుమాలు, చెవిమీద పెన్సిలు ముక్క, జేబునిండా గుర్రప్పందేల పాత చీటీలు. ఏం చెప్పాలన్నా వాటి వెనకే రాస్తాడు. ఇందాక రోడ్డుకవతల అంత్యక్రియల మందిరంలో హంగ్ అన్నయ్య భార్యే తాతని చూపించింది. "మా ఆయన అరవై అయిదు సినిమాలూ ఈయనకి కంఠతా వచ్చు. ఏం కావాలన్నా ఈయన్నే అడుగు" అంది.

యుక్ఫాన్ మందిరంలో వచ్చినవాళ్ళందరికీ పంచిన తెల్ల కవరు చింపి, అందులోని మిఠాయి నోట్లో వేసుకుంది. చావు తాలూకు చేదు ఇంటికి మోసుకెళ్ళకూడదు కాబట్టి దారిలోనే తినాలి. కవర్లోని నాణెం కూడా దారిలోనే ఖర్చు చెయ్యాలి. ఆ వంకనే ఇద్దరూ ఈ టీ కొట్లో చేరారు.

గోడమీది టీవీలో పొద్దుట్నుంచీ హంగ్ అన్నయ్యే. కోర్టు బోనులో నిలబడి గర్జిస్తున్నాడు. హాంకాంగ్‌లో ఆ గొంతుని ఒక్కసారైనా అనుకరించని మగాడుండడు. తాత ముళ్ళమీద కూర్చున్నట్టు కదిలాడు. "టీవీ తగ్గించమను" అని రాశాడు.

"మాక్ అన్నా, కాస్త తగ్గిస్తావా? తాత దుఃఖంలో ఉన్నారు."

"హంగ్ అన్నయ్యని సాగనంపే రోజున ఆయన గొంతు నొక్కమంటావా?" అంటూనే కొట్టు యజమాని మాక్ టీవీ తగ్గించాడు. ఆ కోర్టు డైలాగు తనూ ఒకసారి గర్జించి, టీ గ్లాసులు బల్లమీద పెట్టాడు. "ఎలా ఉంది తాతా?"

"ఆఖరి మాటకి ముందు ఊపిరి తీసుకోకూడదు" అని తాత రాశాడు.

"అబ్బో, వచ్చాడండీ పంతులుగారు!" మాక్ బల్లమీది జాబితాలోకి తొంగిచూశాడు. "ఇవా? 'గొడుగులవాడు' చూడ్డానికెళ్ళి సగంలో లేచొచ్చేశాను. ఆ గొంతేంటి, జలుబు చేసిన బాతులాగా! జీవితమంతా దొరబాబులా మాట్లాడినవాడికి ముసలితనంలో ఆ పల్లెటూరి యాస ఎక్కణ్ణుంచి ఊడిపడిందో! సిగరెట్లు తగలేశాయి. ఆ అయిదింటితోనే ఆయన పని సరి."

"విన్నారా? ఊరంతా ఇదే మాట," అంది యుక్ఫాన్. "దర్జీ కొట్లో బొత్తాలు కుట్టిన కుర్రాడు, దెబ్బలు తినే వేషాలతో మొదలుపెట్టి, పోలీసై, జడ్జీ అయి అంత ఎత్తుకెళ్ళాడు. పడిపోయిన చోటే చూపించమంటారేంటి? పోనీ వినిపిద్దామంటే ఒక్క ఇంటర్వ్యూ లేదాయె. సభల్లో కూడా నవ్వి, దణ్ణంపెట్టి దిగిపోయేవాడు."

తాత పెన్సిలు ఆగడం లేదు. "'గొడుగులవాడు'లో తల్లి సమాధి దగ్గర గడ్డి పీకుతూ 'అమ్మా' అంటాడు. ఒక్కసారే. అది వినిపించు."

ఇంకో చీటీ. "'ఆఖరి పడవ'లో టిక్కెట్లమ్మే మనిషి. సినిమా మొత్తమ్మీద పద్దెనిమిది మాటలు. ఒక్కటీ దండగ లేదు."

ఇంకోటి. "ఈ అయిదింటికీ షూటింగ్ చోటే మాటలు రికార్డు చేశారు."

"చేస్తే? వినేవాళ్ళకేం ఒరిగింది? ఇవాళ జనం తాము ప్రేమించిన గొంతు కోసం రేడియో పెడతారు. ఈ బాతుగొంతు వినిపిస్తే నన్ను తిట్టిపోస్తారు, చచ్చినాయన పరువూ పోతుంది. మీకు ఆయన మీద కోపమేమైనా ఉందా తాతా?"

తాత అరచేత్తో బల్లమీద ఒక్క చరుపు చరిచాడు. టీ ఒలికింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ మాట అన్నందుకు యుక్ఫాన్ సిగ్గుపడింది.

మూలిగే నక్కమీద తాటిపండులా అప్పుడే ఫోన్ మోగింది. "జాబితా రెండు నిమిషాల్లో పంపిస్తా సార్" అని పెట్టేసి, సంచీ భుజానికి తగిలించుకుంది.

"కోర్టు సినిమాలాంటివే అయిదు వేసేస్తాను. వద్దంటారా, ఒక్క కారణం చెప్పండి. మార్చేస్తాను. ఒట్టు."

తాత పెన్సిలు చీటీమీద ఆనించి, ఆగాడు. కిటికీ అవతల హంగ్ అన్నయ్య ఫోటో కట్టిన శవవాహనం మందిరం గేటు దాటుతోంది. మాక్ టీవీ కట్టేశాడు. కొట్లో అందరూ లేచి నిలబడ్డారు. వాహనం మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా తాత అటే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత కూర్చుని, కొత్త చీటీ తీసి, తాపీగా రాసి ఆమె వైపు జరిపాడు.

"మిగతా అరవైలో గొంతు నాది."