బయటి తాళం

కాట్రేనికోన దగ్గర రొయ్యల ఫ్యాక్టరీలో కరుణకుమారి హెచ్.ఆర్. ఆఫీసరు. ఆడకూలీల గదికి రాత్రిళ్లు బయట నుంచి తాళం వేయడం చట్టవిరుద్ధమని మేనేజరుతో పోట్లాడి ఆ పద్ధతి మాన్పించింది. ఆ రోజు చీకటి పడ్డాక వాళ్లను చూద్దామని గదిలోకి వెళ్లింది. అమ్మాయిలంతా గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఇంతలో ఆమె వెనకాల తలుపు మూసుకుంది. బయట తాళం పడిన చప్పుడైంది.

"నూకరాజుగారూ, తలుపు తియ్యండి! నేను, కరుణకుమారిని!" అని అరిచింది.

"ఎవరమ్మా అది?" అన్నాడు వాచ్‌మన్. "మేడంగారు నా పక్కనే ఉన్నారు. తాళం ఎయ్యమన్నదీ ఆవిడే."

కరుణకుమారి రెండు చేతులతో తలుపు బాదింది. అప్పుడు బయట నుంచి అచ్చం తన గొంతే నెమ్మదిగా వినిపించింది.

"తియ్యకండి నూకరాజుగారూ. రోజూ ఎవరో ఒకరు ఇలాగే అరుస్తారు."

"ఆయ్," అన్నాడు నూకరాజు.

ఇద్దరి అడుగుల చప్పుడూ దూరమైంది.