తుమ్మచెట్టు మీద మహాసభ

తుమ్మచెట్టు కింద పాత గూళ్లు కుప్పపడ్డాయి. "పాతవి పారేయకుండా వాడుకోవడం అందరికీ నేర్పించు" అంటూ పిట్టలన్నీ ఖర్చుల కోసం ఉమ్మడి గింజలు కాకికి అప్పగించాయి.

కాకి ఎగిరి గంతేసింది. "మహాసభ పెడదాం! అలంకరణకి కొత్త గూళ్లు కావాలి!"

గింజలన్నీ కూలిగా పుచ్చుకుని గిజిగాళ్లు హుషారుగా అల్లేశాయి. గట్టు మీది రెల్లుగడ్డి మొత్తం అయిపోయింది.

అంతలో ఉరిమింది. గుడ్లు పెట్టబోతున్న జీనువాయి పిట్ట కొత్త గూటివైపు ఉరికింది.

"అలంకరణ ముట్టుకోకు!" కసిరింది కాకి.

పిట్ట గబగబా కుప్పలోంచి పాత గూడు లాగి, కొమ్మల సందున ఇరికించి, చిరుగులో ఈకలు కుక్కి దూరింది. వాన కురిసినా ఒక్క చినుకూ లోపలికి రాలేదు!

"అరె, భలే ఉందే!" పిట్టలన్నీ కుప్ప మీద వాలాయి. "నాకొకటి! నాకొకటి!"

పైకొమ్మ మీద తడిసిపోతూ కాకి గొంతు చించుకుంది: "ఆగండర్రా! సభ ఇంకా మొదలవలేదు!"