రేవులో రాజీ

“దొంగ వెధవా, పడవ తగలెడతామని చెప్పు వాడితో!” రత్నరాజు అరిచాడు.

గిలకలదిండి హార్బరులో అతని వెనక నలభైమంది చినిగిన వలలు పట్టుకుని నిలబడ్డారు. ఎదురుగా, ఆ వలలు చింపిందని నిన్న పట్టుకున్న తమిళనాడు బోటు మీద సరంగు అరుళప్పన్, అతని మనుషులు ఏడుగురు.

మధ్యలో ఆయేషా, చంకలో పది నెలల పాప. రెండేళ్ళ కిందట పెళ్ళయి చెన్నై నుంచి బందరొచ్చింది. రేవులో రెండు భాషలూ తెలిసింది ఆమెకేనని పిలిపించారు.

ఆమె ప్రాణమంతా భర్త జాహిద్ మీద ఉంది. అతను డ్రైవరుగా వెళ్ళిన పడవ ఇంజను చెడి, అరుళప్పన్ వాళ్ళ రేవుకే చేరింది. ఇంజను బాగయినా, నిన్నటి నుంచి దాన్ని అక్కడివాళ్ళు కదలనివ్వడం లేదు. ఇక్కడ ఒక దెబ్బ పడితే అక్కడ పది పడతాయి.

“అన్నా, వలలు చినిగాయని పెద్దాయన బాధపడుతున్నారు,” అంది తమిళంలో.

అరుళప్పన్ గొంతు పెంచాడు. “సముద్రం ఈ ముసలాడి అత్తారిచ్చిందా? రేపు వంద బోట్లతో వస్తామను!”

“తప్పయిపోయిందంటున్నాడు మావయ్యా. ఇకమీదట ఒడ్డుకి ఎనిమిది కిలోమీటర్ల లోపలికి రారంట. కొత్త వలలిస్తారంట.”

“అరిచి మరీ చెప్పాడా ఆ మాట?”

“వాళ్ళ మాటే అంత మావయ్యా.”

రత్నరాజు ఆమెను ఎగాదిగా చూశాడు. “సరే. మన పడవ వదిలితేనే ఈ పందిమొహంగాణ్ణి కదలనిస్తానని చెప్పు.”

“వలలిచ్చి, మా పడవని పంపిస్తే మీరు వెళ్ళొచ్చంట అన్నా. ఒడ్డుకి దూరంగా వేటాడుకోమంటున్నారు. ఇంజను చెడి వచ్చిన పడవని, ఎవరిదైనా సరే, రెండు రేవులూ ఆదుకోవాలంట.”

ఆ చివరి మాట ఎవరూ అనలేదు. ఆయేషా పాపని మరో చంకకి మార్చుకుంది.

అరుళప్పన్ ఒకసారి ఆమె వంక చూశాడు. తర్వాత ఫోను తీసి, పడవని వదలమని తమ రేవుకి చెప్పాడు. పావుగంటకి జాహిద్ ఆయేషాకి ఫోను చేశాడు, బయల్దేరామని.

బోటు మీది కొత్త వలలు ఒడ్డుకి దిగాయి. వాటిని మోసుకుంటూ నలభైమందీ వెళ్ళిపోయారు. తాడు విప్పడానికి రత్నరాజు ఒక్కడే మిగిలాడు. ఆయేషా పాపతో ఇంటిదారి పట్టింది.

బోటు కదిలాక రత్నరాజు నోటికి చేతులు అడ్డంపెట్టి, “పదిలంగా వెళ్ళు బావా! చెల్లెమ్మని అడిగానని చెప్పు!” అని తమిళంలో కేకేశాడు.

ఆయేషా గిరుక్కున తిరిగి చూసింది.

“మళ్ళీ గొడవైతే ఈ పిల్లనే పిలువు బావా!” తెలుగులో బదులిచ్చాడు అరుళప్పన్.